కొలువు బొమ్మలు ఇంట్లో చేస్తుంటే ఎండేలోపే పగిలిపోతున్నాయి, ఎవరైనా చెప్పండి

ఎంవీపీ_మాధవి
ఈసారి సంక్రాంతి కొలువుకి బొమ్మలు కొనకుండా పిల్లలతో చేయిద్దామని డిసెంబరు మొదట్లోనే కూర్చున్నాం. రైతు, ఎడ్లబండి, హరిదాసు, బావి. ఇంతే, పెద్ద ప్లానేం కాదు. మట్టి నర్సరీలో కొన్నాం. చేసినప్పుడు ముద్దుగానే ఉంటున్నాయి. మర్నాటికి ఎద్దు మెడ దగ్గర చీలిక, ఆ మర్నాటికి తల చేతికొచ్చేస్తోంది. హరిదాసైతే కాళ్ల మీద నిలబడడమే లేదు. బాల్కనీలో ఎండకి పెడితే ఇంకా తొందరగా పగులుతున్నాయి. మా అత్తగారు "పూర్ణా మార్కెట్‌కెళ్తే సెట్టంతా దొరుకుతుంది, ఇంటినిండా ఈ బురదెందుకమ్మా" అంటున్నారు. పెద్దాడు ఫోన్ పట్టుకుని గదిలోకెళ్లిపోయాడు. చిన్నది మాత్రం తల తెగిన ఎద్దుని పక్కలో పెట్టుకుని పడుకుంటోంది. ఇంట్లో చేసి నిలబెట్టినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. కొనుక్కోమని మాత్రం చెప్పకండి, ఆ సలహా ఇంట్లోనే ఉచితంగా దొరుకుతోంది.

గాజువాక_బుల్లోడు
కొనీసుకోండి.

ఎంవీపీ_మాధవి
మీరొస్తారని తెలుసు.

మట్టిబుర్ర
నర్సరీ మట్టి అన్నారు చూడండి, సగం జవాబు అక్కడే ఉంది. అది మొక్కల కోసం కలిపిన మట్టి. అందులో ఎరువు, కొబ్బరిపొట్టు, ఇసక అన్నీ ఉంటాయి. బొమ్మకి చెరువు అడుగున ఉండే బంకమట్టి కావాలి. కుమ్మరుల దగ్గర అడిగితే ఇస్తారు. తెచ్చుకునే ముందు ఒక పరీక్ష చెయ్యండి: చిటికెడు తడి మట్టిని పెన్సిలంత లావు తాడుగా పామి వేలికి చుట్టండి. వంపు దగ్గర పగుళ్లు రాకుండా చుట్టుకుంటే తీసుకోండి, తునిగిపోతే వద్దు.

తెచ్చాక ఎండబెట్టి నలగ్గొట్టి నీళ్లలో నానెయ్యండి. పల్చటి గుడ్డలో వడకడితే రాళ్లు, వేర్లు పోతాయి. కదపకుండా ఉంచితే నీళ్లు పైకి తేరతాయి, వాటిని వంపేసి మిగిలిన ముద్దని పాత పంచె మీద పరవండి. చేతికి అంటుకోకుండా ముద్ద అయ్యాక, లోపలి గాలి పోయేదాకా పిసకాలి. ఈ పిసుకుడు దగ్గరే అందరూ బద్ధకిస్తారు.

ఇక మెడ ఎందుకు తెగుతోందంటే, నీళ్లు పోయేకొద్దీ మట్టి కుంచించుకుపోతుంది. సన్నంగా ఉన్న మెడ ముందు ఆరిపోతుంది, లావుగా ఉన్న ఒళ్లు ఇంకా తడిగానే ఉంటుంది. ఒకటి బిగుసుకున్నాక రెండోది లాగుతుంది, ఆ లాగుడికి మధ్యలో తెగుతుంది. ఎండలో పెడితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకని ఎద్దు పొట్ట కింద వేలు పెట్టి లోపలంతా తొలిచెయ్యండి, గోడ చిటికెన వేలి మందానికి మించకూడదు. తల, కాళ్లు విడిగా చేసి అతికిస్తుంటే రెండు వైపులా పుల్లతో అడ్డదిడ్డంగా గాట్లు పెట్టి, ఆ గాట్లలో చిక్కటి మట్టినీళ్లు రాసి అప్పుడు నొక్కండి. నున్నటి మట్టి మీద నున్నటి మట్టి అంటించితే ఆరాక ఊడొచ్చేస్తుంది. బొమ్మని నీడలో పెట్టి మొదట్లో తడిగుడ్డ కప్పండి.

హరిదాసుని మాత్రం కాళ్లతో చెయ్యకండి. పంచె నేలదాకా వేలాడేటట్టు చేస్తే కింద అదే దిమ్మ అవుతుంది.

ఎంవీపీ_మాధవి
@మట్టిబుర్ర అయ్యబాబోయ్, ఇంత వివరంగానా! పంచె ఐడియా చదివి మా అత్తగారు కూడా నవ్వారు. మీరు బొమ్మలు చేస్తారా?

మట్టిబుర్ర
స్కూల్లో డ్రాయింగ్ మాస్టారిని. పిల్లలు పగలగొట్టినవి చూసి చూసి వచ్చిన జ్ఞానం ఇది.

కంచరపాలెం_కిట్టు
మట్టి నానబెట్టేటప్పుడు సన్నంగా కత్తిరించిన కొబ్బరి పీచు గానీ ఊక గానీ కలపండి. వినాయకుడి బొమ్మలవాళ్లు గడ్డి, నార వేసేది అందుకే, లోపల పట్టు ఉంటుంది. సన్న ఇసక కూడా కొంచెం కలపొచ్చు, మూడు పాళ్ల మట్టికి ఒక పాలు మించకుండా.

రుషికొండ_రైడర్
ఇసక కోసం ఎక్కడికో ఎందుకు, బీచి మన పక్కనే ఉంది కదా. ఎర్ర రంగు కావాలంటే భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలున్నాయి, ఒక సంచీ నింపుకుంటే కొలువంతా సరిపోతుంది.

భీమిలి_గవ్వ
@రుషికొండ_రైడర్ దిబ్బల జోలికి వెళ్లకండి మహాప్రభో. 2014లో జియలాజికల్ సర్వే వాళ్లు దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. వేల ఏళ్లు గాలీ వానా సముద్రమూ కలిసి పేర్చిన ఇసక అది. ఒక సంచీయే కదా అని ప్రతివాడూ అనుకునే సగం పోయింది. ఎర్ర రంగుకి జాజు అనే ఎర్రమన్ను చాలు, పూజా సామాన్ల కొట్లో చవగ్గా దొరుకుతుంది.

మట్టిబుర్ర
బీచి ఇసక కూడా వద్దు. అందులో ఉప్పుంటుంది. బొమ్మ ఆరాక ఆ ఉప్పు పైకి తేలి తెల్లగా పొడి కడుతుంది, మీద రంగు నిలవదు. తప్పదంటే మంచినీళ్లలో నాలుగైదు సార్లు కడిగి వాడండి.

రుషికొండ_రైడర్
సరే సరే, ఏదో పెట్రోలు ఖర్చు మిగుల్చుదామనుకున్నాను.

మామ్మ_మనవడు
మా మామ్మకి ఇదంతా సదివి ఇనిపించాను. ఆవిడ సెప్పింది సెప్పినట్టు టైపు సేత్తన్నాను, తిట్లు తీసీసి.

"మట్టితోటి ఏటి గొడవ, కాయితం గుజ్జు సెయ్యలేరేటి? పాత పేపర్లు సన్నగ సింపీసి నీల్లల్లో రెండ్రోజులు ఒగ్గీయాల. మెంతులు ఏరేగ నానబెట్టాల. రెండూ కలిపి రోట్లో రుబ్బీయాల, సేతికి ఎన్నలాగ తగలాల. మాకాలంలో ఎదురు తట్టలకి, సేటలకి ఇదే పూసీవోలం. సందులన్నీ మూసుకుపోతాయి, పిండి కారిపోదు, మెంతి సేదుకి పురుగు రాదు. అదే గుజ్జుతోటి సిన్న సిన్న గిన్నిలు, పిట్టలు, ఏనుగులు సేసీవోలం. కింద పడినా పగల్దు. గుంటల సేతికి మట్టియ్యడం కన్నా ఇది నయం."

ఇంకా సెప్పింది గానీ అది మా అమ్మ గురించి.

మూడో_ఫ్లోర్_శిరీష
@మామ్మ_మనవడు ఆ చివరి ముక్క కూడా పెట్టండి, మేం ఎవరికీ చెప్పం.

ఎంవీపీ_మాధవి
మామ్మగారికి నా దండాలు చెప్పండి. మాకు రోలు లేదు. మిక్సీలో అవుతుందా?

మామ్మ_మనవడు
అడిగాను. "అవుతాది గానీ మిక్సీ కొద్దికొద్దిగ ఎయ్యాల, లేపోతే కాలిపోద్ది. తరవాత పచ్చడి రుబ్బీముందు బాగ కడగాల" అంది. గుజ్జు పిండీసినాక బొమ్మ సెయ్యాల, నీల్లు కారతా ఉంటే నిలబడదు. గిన్ని సెయ్యాలంటే స్టీలు గిన్ని బోర్లించి మీద తడిగుడ్డ కప్పి, దాని మీద గుజ్జు పూసి ఎండలో ఒగ్గీయాల. ఆరినాక గుడ్డ లాగితే ఊడొచ్చీద్ది. కాయితానికి ఎండ బాగ తగలాల, మట్టికి నీడ. రెండూ కలిపీకండి.

సీతమ్మధార_సిరి
నేను మైదా, ఉప్పు పిండితో చేయిస్తాను. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, ఒక కప్పు నీళ్లు. ఇంట్లో ఉన్నవాటితోనే అయిపోతుంది, చేతులకి మట్టి వాసనుండదు. నెట్‌లో అందరూ ఇదే చెప్తున్నారు కదా?

కంచరపాలెం_కిట్టు
నెట్‌లో చెప్పేవాళ్లు మన ఊళ్లో ఉండరు కదండీ. ఉప్పు గాలిలో తేమని పీల్చేసుకుంటుంది. విశాఖలో ఉప్పు డబ్బా మూత తీసి పెడితే ఏమవుతుందో మీకు తెలియంది కాదు. కొలువు పెట్టేనాటికి మీ ఎద్దు చెమటలు కక్కుతూ మెత్తబడుతుంది. మైదా కాబట్టి చీమలు, బొద్దింకలు పేరంటానికి ముందే వచ్చేస్తాయి.

సీతమ్మధార_సిరి
ఓవెన్‌లో ఆరబెట్టి మీద వార్నిష్ కొడితే నిలుస్తాయి. మావి పోయిన ఏడాదివి ఇంకా ఉన్నాయి.

కంచరపాలెం_కిట్టు
వార్నిష్ కింద కూడా పూర్తిగా మూసుకుపోవాలి, అడుగు వదిలేస్తే అక్కణ్ణుంచే పీల్చుకుంటుంది. మీవి ఉన్నాయంటే మీరు అడుగుకి కూడా కొట్టుంటారు. ఒప్పుకుంటున్నాను, కానీ చిన్నపిల్లలతో వార్నిష్ పనెందుకని నా బాధ.

ఉక్కునగరం_ఉమ
మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. మాధవిగారూ, పెద్దబ్బాయి ఫోన్ పట్టుకుని వెళ్లిపోయాడన్నారు. అతను చేసిన బొమ్మలు మీరు సరిచేస్తున్నారా? అడగకూడదేమో గానీ, మా వదినగారింట్లో చూశాను. పిల్లాడు ఏనుగు చేశాడు, కాస్త పందిలా వచ్చింది. ఆవిడ ఇలా కాదురా అని తీసుకుని తొండం సాగదీసి, చెవులు మార్చి, దంతాలు పెట్టి అచ్చం ఏనుగు చేసేశారు. వాడు "అది నీదే" అని లేచిపోయాడు. తర్వాత ఎంత పిలిచినా రాలేదు.

ఎంవీపీ_మాధవి
కొంచెం సరిచేస్తున్న మాట నిజమే. కొలువు అంటే పేరంటానికి అందరూ వస్తారు కదండీ, మరీ చిందరవందరగా ఉంటే ఎలా అని.

అల్లిపురం_అక్క
ఉమగారు చెప్పింది వినడానికి బావుంది గానీ నేను ఒప్పుకోను. కొలువు అంటే దేవుడి ముందు పెట్టేది. బేసి మెట్లు, పైన దేవుళ్లు, కింద లోకం, హారతి ఇస్తాం, శనగలు వాయనం ఇస్తాం. ముక్కూ మొహం లేని బొమ్మ తెచ్చి అందులో పెడితే ఎలా? నేర్పితేనే కదా పిల్లలకి వస్తుంది. మా అమ్మ నా చేత ముగ్గు తుడిపించి మళ్లీ పెట్టించేది, ఇవాళ ఇరవయ్యొక్క చుక్కల ముగ్గు కళ్లు మూసుకుని వేస్తాను.

ఉక్కునగరం_ఉమ
@అల్లిపురం_అక్క మీ చేత మళ్లీ పెట్టించింది కదండీ, ఆవిడే పెట్టెయ్యలేదు. నేను చెప్పేది కూడా అదే.

అల్లిపురం_అక్క
ఊఁ. అది పాయింటే.

మట్టిబుర్ర
మధ్యేమార్గం ఒకటుంది. పై మెట్లు పెద్దవాళ్లవి, అమ్మమ్మల నాటి బొమ్మలు, కొన్నవి. అడుగు మెట్టు ముందున్న నేలంతా పిల్లల రాజ్యం. అక్కడ ఎవరూ వేలు పెట్టకూడదు. ఎలాగూ ఊరు, సంత, చెరువు నేల మీదే కదా వేసేది. ఆవాలు, మెంతులు చల్లి మొలకెత్తిస్తే నాలుగైదు రోజుల్లో పొలం తయారు.

గాజువాక_బుల్లోడు
మెంతులు మళ్లీ వచ్చీసాయి. ఈ చర్చలో అన్నిటికీ మెంతులే.

పోర్టు_షిఫ్టు
పెద్దబ్బాయికి బొమ్మలు చెప్పకండి, ఇంజినీరింగు చెప్పండి. మావాడూ అదే వయసు, మట్టి అంటే పారిపోయాడు. "మన ఊరి బీచి కట్టు చూద్దాం" అన్నాను. అంతే. రెండు లీటర్ల నీళ్ల బాటిల్‌కి కాగితం ముక్కలు గంజితో అంటించి కురుసుర సబ్‌మెరైన్ చేశాడు. అసలుది 91 మీటర్లుంటుందని నెట్‌లో వెతికి, దానికి తగ్గట్టు పక్కన నిలబడే మనుషుల ఎత్తు లెక్కేసి అగ్గిపుల్లలతో పెట్టాడు. డాల్ఫిన్స్ నోస్ కొండకి పాత దిండు మీద గోనె కప్పి రాళ్ల రంగు వేశాడు, పైన లైట్‌హౌస్‌లో చిన్న ఎల్‌ఈడీ. కైలాసగిరి రోప్‌వేకి దారం, రెండు అగ్గిపెట్టెలు. నేను నైట్ షిఫ్టు దిగి వచ్చేసరికి హాలు మధ్యలో రోప్‌వే కట్టుంది, దాని కింద నుంచి వంగి వెళ్లాలి.

అల్లిపురం_అక్క
దశావతారాల ముందు సబ్‌మెరైనా?

పోర్టు_షిఫ్టు
మత్స్యావతారం పక్కన పెట్టాం అక్కా, సరిపోయింది.

అల్లిపురం_అక్క
😄 సరే, దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఎంవీపీ_మాధవి
మావాడికి ఇది చదివి వినిపించాను. "కురుసుర చిన్నది, నేను పోర్టు క్రేన్ చేస్తాను" అన్నాడు. ఐస్‌క్రీం పుల్లలు ఎక్కడ అమ్ముతారో అడుగుతున్నాడు. ఫోన్‌లోనే వెతుకుతున్నాడనుకోండి, అయినా పర్వాలేదు.

జగదాంబ_జానీ
ఇదంతా రీల్స్ కోసం కాదా నిజం చెప్పండి. మా అపార్ట్‌మెంటులో కొలువు పెట్టినవాళ్లు బొమ్మల కన్నా లైటింగుకే ఎక్కువ ఖర్చు పెట్టారు.

ఉక్కునగరం_ఉమ
పెట్టనివ్వండి జానీగారూ. చూసి ఇంకో పది ఇళ్లలో పెడతారు. మా కాలనీలో అన్ని రాష్ట్రాలవాళ్లూ ఉన్నారు, తమిళులు దసరాకి పెడతారు, మేం సంక్రాంతికి పెడతాం. పిల్లలు మాత్రం రెండుసార్లూ ప్రసాదానికి తిరుగుతారు. వాళ్ల బొమ్మలు మాకు, మావి వాళ్లకి అరువు కూడా నడుస్తుంది.

మూడో_ఫ్లోర్_శిరీష
బొమ్మల సంగతి తేలిందనుకుంటే నాదో సమస్య. పిల్లలతో భోగి పిడకలు చేయిద్దామని ఆవుపేడ తెప్పించాను. బాల్కనీ గచ్చు మీద పేపరు పరిచి చిన్న చిన్న బిళ్లలు తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి ఆరబెట్టాం. పిల్లలు తెగ సంబరపడ్డారు. సాయంత్రానికి కింది ఫ్లోరువాళ్లు గ్రూపులో "ఎవరింట్లోంచో దుర్వాసన" అని మెసేజ్. ఇంకా గొబ్బెమ్మలు పెట్టనేలేదు!

సెక్రటరీ_సారు
ఏ అపార్ట్‌మెంటు అండీ? మాదైతే కాదు కదా?

మూడో_ఫ్లోర్_శిరీష
చెప్పను.

కంచరపాలెం_కిట్టు
మేడ మీద ఆరబెట్టండి, ఒక ఎండకే వాసన పోతుంది. పల్చగా తట్టండి, లావుగా తడితే లోపల తడి ఉండిపోయి బూజు పడుతుంది. పేపరు మీద కాకుండా గోడకి గానీ గచ్చుకి గానీ కొట్టి ఆరాక గరిటెతో లేపితే చక్కగా వస్తాయి, పేపరైతే అంటుకుపోతుంది. దండ గుచ్చడానికి పురికొస బాగుంటుంది, నైలాన్ తాడు వద్దు. దండతో సహా మంటలో వేస్తాం కదా, ప్లాస్టిక్ కాలిన పొగ పిల్లలు పీల్చుతారు.

మామ్మ_మనవడు
మామ్మ: "పేడకి కంపు అన్నోలు పండక్కి ఊరు రాకుండా ఉంటే సాలు."

సెక్రటరీ_సారు
మామ్మగారిని మా అసోసియేషన్ మీటింగుకి పంపించగలరా? చాలా సమస్యలు తీరిపోతాయి.

పోర్టు_షిఫ్టు
భోగి మంట మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఇంట్లో చేసిన మట్టి బొమ్మని కాల్చి గట్టిచేద్దామని భోగి మంటలో పెట్టకండి. లోపల కొంచెం తడి ఉన్నా ఆవిరై టపాకాయలా పేలుతుంది, పెంకులు ఎగిరి వస్తాయి. కుమ్మరుల ఆవం వేరు, అక్కడ వేడి నెమ్మదిగా ఎక్కిస్తారు.

మట్టిబుర్ర
అవును. కొలువు బొమ్మకి కాల్చాల్సిన పనే లేదు. నీళ్లు తగలకుండా అట్టపెట్టెలో వరిగడ్డి మధ్య పెడితే ఏళ్ల తరబడి ఉంటుంది.

సీతమ్మధార_సిరి
రంగుల గురించి ఎవరూ చెప్పలేదు. దుకాణం రంగులు కాకుండా వంటింటి రంగులతో అవుతుందా? బీట్‌రూట్ రాస్తే మొదట బాగుండి తర్వాత గోధుమ రంగులోకి తిరిగిపోయింది.

మట్టిబుర్ర
బీట్‌రూట్ నిలవదు. పసుపు కూడా ఎండకి వెలిసిపోతుంది, కానీ ఇంట్లో పెట్టే కొలువుకి పండగ నాలుగు రోజులూ బాగానే ఉంటుంది. జాజు, బొగ్గుపొడి, సుద్ద, ఈ మూడూ ఎప్పటికీ పోవు, ఎందుకంటే అవి మన్నూ మసీ. అన్నిటికీ కొంచెం జిగురు కలపాలి, లేకపోతే ముట్టుకుంటే చేతికి వచ్చేస్తాయి. తుమ్మజిగురు నానబెట్టి వడకట్టి కలపండి.

ఒకటి గమనించండి. ముందు సున్నం పూసి దాని మీద పసుపు రాస్తే పసుపు రంగు రాదు, ఎర్రగా తిరుగుతుంది. పారాణికి పసుపులో సున్నం కలిపేది అందుకే కదా. పసుపు పచ్చగానే కావాలంటే కింద సుద్ద పూయాలి. పిల్లలకి మాత్రం సున్నం మీదే రాయనివ్వండి, బ్రష్ తగిలిన చోటల్లా ఎర్రబడుతుంటే కళ్లింతవుతాయి. తర్వాత నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పచ్చబడుతుంది. సున్నం కళ్లలో పడకుండా మీరు పక్కనే ఉండండి, తడి సున్నం చేతులతో ముట్టనివ్వకండి.

ఎలమంచిలి_ఎక్స్‌ప్రెస్
రంగులంటే మా వైపు రండి. ఏటికొప్పాక మా ఎలమంచిలి దగ్గరే, వరాహ నది ఒడ్డున. అంకుడు కర్రని తరిణి (లేత్) మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, ఆ పైన మొగలి ఆకుతో అద్దితే మెరుపు వస్తుంది. బ్రష్ ఉండదు, డబ్బా ఉండదు. చిన్నప్పుడు గంటలు గంటలు చూస్తూ నిలబడేవాణ్ణి, కర్ర చెక్కు ఉంగరాలు ఉంగరాలుగా కాళ్ల దగ్గర పడేది, ఏరుకుని జేబులో వేసుకునేవాళ్లం. మొక్కల నుంచి తీసిన రంగులు వాడడం మీద పనిచేసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకి భౌగోళిక గుర్తింపు 2017లోనే వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన శకటం కూడా ఏటికొప్పాక బొమ్మలదే.

జగదాంబ_జానీ
అంటే చివరికి కొనమంటున్నారన్నమాట.

ఎలమంచిలి_ఎక్స్‌ప్రెస్
కొలువుకి ఏటా ఒక కొత్త బొమ్మైనా చేరాలంటారు కదా, ఆ ఒక్కటీ అక్కడ కొనండి అంటున్నా. పిల్లల్ని తీసుకెళ్లి చేసేవాళ్లని చూపించి కొనండి. మిగతావి ఇంట్లో చేసుకోండి. తగువేముంది ఇందులో?

గాజువాక_బుల్లోడు
మొదట్లో నేనూ అదే కదండీ అన్నది. నన్నందరూ తిట్టీసారు.

ఎంవీపీ_మాధవి
మిమ్మల్ని ఎవరూ తిట్టలేదండీ. పట్టించుకోలేదంతే.

అల్లిపురం_అక్క
కొండపల్లి వాళ్లు అతుకులకి వాడే మక్కు కూడా ఇంట్లో చెయ్యొచ్చు. చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి ఉడికిస్తే జిగురు వస్తుంది. అందులో రంపపు పొట్టు కలిపితే మక్కు. ఇరిగిన కొమ్ము అతికించడానికి, ముక్కు నిలబెట్టడానికి ఫెవికాల్ కన్నా బాగుంటుంది, ఆరాక గరుకు కాగితంతో రుద్దుకోవచ్చు. మా అత్తగారు చేసిన సీతమ్మ ముక్కు ఇప్పటికీ ఊడలేదు.

మూడో_ఫ్లోర్_శిరీష
చింతగింజల పొట్టు తియ్యడం పిల్లల పని కాదు, పెద్దల శిక్ష అది.

అల్లిపురం_అక్క
వేయించి వేడి మీదే దంచితే ఊడొస్తుంది తల్లీ. ఓపిక పట్టాలి.

భీమిలి_గవ్వ
గవ్వల గురించి కూడా చెప్పేస్తాను, నా పేరు చూసి ఎలాగూ అడుగుతారు. చెరువు ఒడ్డుకి, గుడి గోపురానికి గవ్వలు బాగుంటాయి. ఒడ్డుకి కొట్టుకొచ్చిన మామూలు ఆల్చిప్పలు ఏరుకోండి, లోపల జీవం ఉన్నవి వదిలెయ్యండి. శంఖాల్లో కొన్ని రకాలు వన్యప్రాణి చట్టం కింద రక్షిత జాతులు, బీచి దగ్గర అమ్ముతున్నారని కొనకండి. ఏరినవి మంచినీళ్లలో రాత్రంతా ఉంచి కడిగి ఎండబెట్టండి. లేకపోతే కొలువు ముందు కూర్చున్నవాళ్లు చేపల మార్కెట్ గుర్తు చేసుకుంటారు.

పోర్టు_షిఫ్టు
గాలిపటం కూడా చేర్చండి. పాత న్యూస్‌పేపరు, కొబ్బరీనెలు రెండు, అన్నం మెతుకులు. ఒక ఈనె నిలువు, ఇంకోటి విల్లులా వంచి. తోకకి పాత చీర అంచు. దుకాణంలోది ఎగిరినంత ఎత్తు ఎగరదు, కానీ మావాడు తోక పొడుగు మార్చి మార్చి ఎందుకు గింగిరాలు తిరుగుతోందో తనే పట్టేశాడు. దారం మామూలు నూలుదే. నైలాన్ మాంజా 2017లోనే దేశమంతా నిషేధించారు, అయినా దొంగచాటుగా దొరుకుతోంది. బైకుల మీద వెళ్లేవాళ్ల మెడలు తెగుతున్నాయి, పిట్టలు చిక్కుకుంటున్నాయి.

మామ్మ_మనవడు
మామ్మ దీపావళి దిబ్బు దిబ్బు గురించి మొదలెట్టింది. గోగుపుల్లలకి గుడ్డలు సుట్టి, నూనిలో ముంచి, ఎలిగించి, గుంటలందరం నేలకి కొడతా "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి" అని అరిసీవోలం అంది. అది అయిపోయిన పండగ మామ్మా అంటే, "అయితే ఏటి, గోగుపుల్లలు ఇప్పట్నించే దాసుకోవాల, పండగనాడు ఎక్కడ దొరుకుతాయి" అంది. పుల్లలు ఆవిడ మంచం కింద ఉన్నాయి. నిజం.

ఎంవీపీ_మాధవి
అప్‌డేట్: పెందుర్తి వైపు తెలిసినవాళ్ల ద్వారా బంకమట్టి దొరికింది. పొట్ట తొలిచిన ఎద్దు నిలబడింది, మెడ తెగలేదు. కొమ్ములు ఒకటి పైకి, ఒకటి పక్కకి ఉన్నాయి, నేను ముట్టుకోలేదు (చెయ్యి దురద పెట్టిందనుకోండి). పంచె హరిదాసు అదిరిపోయాడు, తల మీద రాగి చెంబుకి బదులు రేగుపండు పెట్టింది మా చిన్నది. అత్తగారు నిన్న పక్కన కూర్చుని "ఆ తంబురా అలా పట్టుకోరు" అంటూ మొదలెట్టి, కాసేపటికి తనే తంబురా చేసి ఆరబెట్టారు. రాత్రి లేచి దానికి తడిగుడ్డ కప్పి పడుకున్నారు.

ఉక్కునగరం_ఉమ
ఫొటో!

ఎంవీపీ_మాధవి
భోగినాడు పెడతాను, ఇప్పుడే కాదు. క్రేన్ ఇంకా పూర్తవలేదు, ఐస్‌క్రీం పుల్లలు చాలక సగంలో ఆగింది. ఆ సాకుతో రోజూ ఐస్‌క్రీం తింటున్నారు.

సెక్రటరీ_సారు
మట్టితో పనిచేసేవాళ్లందరికీ ఒక మాట. చేతులు, గిన్నెలు, బ్రష్‌లు సింకులో కడగకండి. బంకమట్టి పైపు వంపులో కూర్చుని గట్టిపడిపోతుంది, ఒకసారి ముద్ద కట్టిందంటే పైపు ఊడదీయాల్సిందే. బకెట్‌లో కడగండి. రాత్రంతా కదపకుండా ఉంచితే మట్టి అడుక్కి దిగుతుంది. పైనీళ్లు మొక్కలకి పొయ్యండి, అడుగుమట్టి ఆరబెట్టి మళ్లీ వాడుకోండి. పండగ వారంలో ప్లంబర్లు దొరకరు, ఊళ్లకి వెళ్లిపోతారు.

మూడో_ఫ్లోర్_శిరీష
మా ఆయన ఇప్పుడే కడుగుతున్నారు. ఒక్క నిమిషం.